పేరు ఒక్క మాటైతే విమానం ఎక్కనివ్వరు! పేర్ల చట్టాల్లో వింతలు, విశేషాలు

పేరులో 1,019 అక్షరాలున్నా రికార్డు పుస్తకానికి ఎక్కొచ్చు. 43 ఉన్నందుకే కోర్టు తోసిపుచ్చొచ్చు. ఒక్క మాటే ఉంటే దుబాయ్ విమానం మెట్లెక్కకముందే వెనక్కి పంపేయొచ్చు! మనిషికి పుట్టగానే దక్కే మొదటి ఆస్తి పేరు. దాని చుట్టూ దేశదేశాలు కట్టిన కంచెలు అన్నీ ఇన్నీ కావు. పసుపుకూ గల్ఫ్ ప్రయాణాలకూ పేరుపడ్డ నిజామాబాద్ జిల్లా కమ్మర్‌పల్లి నుంచే ఈ లెక్క మొదలుపెడదాం. ఏ పేరైనా పెట్టుకో అనే స్వేచ్ఛ మన దేశంలో ఉన్నంతగా చాలా దేశాల్లో లేదు. పెట్టుకున్న పేరు ప్రతి కాగితంలో అక్షరం పొల్లుపోకుండా ఉండాలనే పట్టుదల కూడా ఇక్కడే ఎక్కువ. ఆ రెంటి మధ్యా నలిగేది ఇలాంటి పల్లెలే.

గల్ఫ్ పల్లెలను ఎక్కువగా కుదిపిన పేరు నియమం యూఏఈది. తేదీ 2022 నవంబరు 21. పాస్‌పోర్టులో ఒక్క పదమే పేరుగా ఉంటే, అంటే ఇంటిపేరు గడిగానీ సొంత పేరు గడిగానీ ఖాళీగా ఉంటే, విజిట్ వీసా మీదైనా ఉద్యోగ వీసా మీదైనా రానివ్వబోమని ఆ దేశం చెప్పింది. విమాన సంస్థలు ట్రావెల్ ఏజెంట్లకు హుటాహుటిన సమాచారం పంపాయి. పాస్‌పోర్టు రెండో పేజీలో తండ్రి పేరో కుటుంబం పేరో ఉంటే ఒప్పుకుంటామని ఆ తర్వాత వివరణ వచ్చింది. అప్పటికే అక్కడ నివాస వీసా ఉన్నవాళ్లకు ఇబ్బంది లేదన్నారు. భారత ప్రభుత్వం ఇచ్చిన పాస్‌పోర్టు మన చట్టం ప్రకారం నూటికి నూరుపాళ్లు సరైనదే. కానీ ఒక్క గడి ఖాళీగా ఉంటే అవతలి గడప దాటదు!

అత్యధిక రూపాలున్న పేరు ఎవరిదంటే గల్ఫ్‌కు పోయే తెలుగువాడిదే అనాలి. పదో తరగతి మెమోలో కె.గంగాధర్. ఆధార్‌లో కొత్తపల్లి గంగాధర్. ఓటరు కార్డులో గంగాధర్ కొత్తపల్లి. పాస్‌పోర్టులో వట్టి గంగాధర్. మనిషి ఒక్కడే, పేర్లు నాలుగు. మన అలవాటులో ఇంటిపేరు ముందు, సొంత పేరు వెనుక. ఇంటిపేరును ఒక్క అక్షరానికి కుదించి చుక్క పెట్టడం బడిలో చేరిన రోజే మొదలవుతుంది. పాస్‌పోర్టు దరఖాస్తులో మాత్రం సొంత పేరుకో గడి, ఇంటిపేరుకో గడి వేరువేరుగా ఉంటాయి. అందుకే దరఖాస్తు నింపే కౌంటర్ దగ్గర వినపడే మాట ఇదీ: "సర్‌నేమ్ ఖాళీ ఇడువద్దన్నా. ఇంటిపేరు మొత్తం రాయి. ఒక్క అక్షరం పెడితె నడువది." పదేళ్లు ఎడారిలో కష్టపడబోయే మనిషికి ఇంతకంటే విలువైన సలహా ఇంకోటి లేదు.

ఊరి దేవుళ్లు దండిగా దిగివచ్చిన పేర్లు ఈ ప్రాంతానివి. భీమ్‌గల్ దగ్గరి లింబాద్రి గుట్ట నరసింహస్వామి పేరున లింబాద్రిలు. పోచమ్మ పేరున పోశెట్టిలు, పోశవ్వలు. వేములవాడ రాజన్న పేరున రాజన్నలు, రాజేశ్వర్‌లు. గోదారిని గంగ అని పిలిచే నేల కాబట్టి గంగారాంలు, గంగాధర్‌లు, గంగామణులు, గంగవ్వలు. వీటిలో చాలా పేర్లు ఒక్క మాటవే. యూఏఈ నియమం ఇక్కడి వాళ్లను అంతగా కంగారు పెట్టడానికి సగం కారణం అదే.

అమెరికా బాట పట్టిన తెలుగువాళ్లకు ఇంకో వింత ఎదురైంది. పాస్‌పోర్టులో ఒక్క గడే నిండి ఉంటే, అక్కడి వీసాలో ఆ పేరు ఇంటిపేరు స్థానానికి జరుగుతుంది. సొంత పేరు స్థానంలో మూడు ఇంగ్లీషు అక్షరాలు కూర్చుంటాయి: ఎఫ్, ఎన్, యు. అంటే సొంత పేరు తెలియదని అర్థం. అమ్మానాన్న మురిపెంగా పెట్టుకున్న పేరు కళ్లెదుటే ఉండగా "తెలియదు" అన్న ముద్ర! బ్యాంకు ఖాతాలోనూ డ్రైవింగ్ లైసెన్సులోనూ ఆ మూడక్షరాలే వెంటపడ్డ తెలుగువాళ్లున్నారు.

ఇక పుట్టుక నమోదు. ఆచారమూ చట్టమూ ఒకే అంకె మీద కలిసే చోటు ఇది. చాలా ఇళ్లలో బిడ్డను తొట్టెలలో వేసి పేరు పెట్టేది 21వ రోజు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం కింద పుట్టుక చెప్పాల్సిన గడువూ 21 రోజులే! పల్లెల్లో నమోదు చేసేది పంచాయతీ కార్యదర్శి. గడువులోగా చెబితే ధ్రువపత్రం ఉచితం. 30 రోజుల దాకా ఆలస్య రుసుము. ఏడాది దాకా పైఅధికారి అనుమతి. ఏడాది దాటితే మేజిస్ట్రేట్ హోదా ఉన్న అధికారి ఉత్తర్వే కావాలి. గ్రామ పంచాయతీలో పది నిమిషాల్లో తేలే పని డివిజన్ కేంద్రం దాకా తిప్పుతుంది. పసిబిడ్డ ఇంట్లో ఉన్నవాళ్లు ఈ 21 అంకెను గోడ మీది క్యాలెండర్‌లో రాసి పెట్టుకోవాలి.

పేరు పెట్టడానికి గడువు ఇవ్వడంలో మాత్రం మన దేశం మహా ఉదారం. పుట్టుకను పేరు లేకుండానే నమోదు చేయించొచ్చు. ఆ తర్వాత 12 నెలల్లోగా పేరు చెబితే రుసుము లేదు. రుసుము కడితే 15 ఏళ్ల దాకా రాయించొచ్చు. జపాన్‌లో బిడ్డ పుట్టిన 14 రోజుల్లో కబురు అందాలి. ఫ్రాన్స్‌లో 5 రోజులు. ఐస్‌లాండ్‌లో 6 నెలలు. మన 15 ఏళ్ల ముందు ఆ 5 రోజులు ఎంత? వెయ్యో వంతు కూడా కాదు!

ఈ ఉదారతకు 2023లో పెద్ద మలుపు వచ్చింది. సవరించిన చట్టం ఆ ఏడాది అక్టోబరు 1న అమల్లోకి వచ్చింది. ఆ రోజు నుంచి పుట్టినవాళ్లకు పుట్టిన తేదీకీ చోటుకూ జనన ధ్రువపత్రమే ఆధారం. బడిలో చేరిక, డ్రైవింగ్ లైసెన్సు, ఓటరు జాబితా, పెళ్లి నమోదు, సర్కారు కొలువు, ఆధార్: ఆరింటికీ ఒక్కటే తాళంచెవి. పాతికేళ్ల కిందట తొట్టెల పేరొకటి, బడి పేరొకటి, పిలుపు పేరొకటి ఉన్నా జీవితం సాగిపోయింది. 2023 తర్వాత పుట్టిన బిడ్డకు పంచాయతీలో రాయించిన అక్షరాలే పెళ్లి దాకా వెంట వస్తాయి. అందుకే అక్కడే ఇంటిపేరు పూర్తిగా రాయించండి. అది చాలా ముఖ్యం.

పేరు ఎంపికలో అత్యంత స్వేచ్ఛ ఉన్న దేశాల్లో మనది ముందు వరుస. పెట్టకూడని పిల్లల పేర్ల జాబితా ఏదీ మన చట్టంలో లేదు. 1950 నాటి చిహ్నాలు, పేర్ల చట్టం కొన్ని పేర్లను వ్యాపారానికి వాడుకోకుండా ఆపుతుందే తప్ప పిల్లలకు పెట్టుకోవడాన్ని కాదు. కర్ణాటకలోని హక్కిపిక్కి తెగ వాళ్లలో గూగుల్, కాఫీ, హైకోర్టు, మైసూర్‌పాక్ అనే పేర్లున్న మనుషులున్నారు. అన్నీ చెల్లే పేర్లే.

ఆ స్వేచ్ఛను అత్యంత ధైర్యంగా వాడుకున్న తెలుగు ఇల్లు గోరా గారిది. విజయవాడ నాస్తిక కేంద్రం స్థాపకుడు గోపరాజు రామచంద్రరావు తన పిల్లలకు దేవుడి పేర్లు పెట్టలేదు, కులం తోకలు తగిలించలేదు. ఉప్పు సత్యాగ్రహం నడిచిన 1930లో పుట్టినవాడు లవణం. యుద్ధ మేఘాలు కమ్మిన 1939లో పుట్టినవాడు సమరం. తొమ్మిదో బిడ్డ నౌ. ఆ లవణమే పెద్ద సంఘ సంస్కర్త అయ్యారు, ఆ సమరమే ఇంటింటికీ తెలిసిన డాక్టర్ అయ్యారు. అప్పటి సమాజం నవ్వి ఉండొచ్చు గానీ ఏ అధికారీ కాదనలేదు. దేశం గర్వించాల్సిన విషయం ఇది.

ఇప్పుడు కొలతల్లోకి దిగుదాం. జనన ధ్రువపత్రం మీద అతి పొడవైన పేరు అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రానిది. 1984 సెప్టెంబరు 12న బోమాంట్ పట్టణంలో పుట్టిన ఆడపిల్లకు మొదట పెట్టిందే చాంతాడంత పేరు. తండ్రికి అది చాలలేదు. మూడు వారాలు దాటగానే దిద్దుబాటు పత్రం దాఖలు చేశాడు. మొదటి పేరు ఒక్కటే 1,019 అక్షరాలు! నడిమి పేరు ఇంకో 36. ఒక్కో అక్షరాన్ని అడుగు ఎత్తున రాసి నిలువునా పేర్చితే, 60 అడుగుల తాటిచెట్లు 17 ఒకదాని మీద ఒకటి నిలబెట్టినంత ఎత్తు.

అతి పొడవైన ఇంటిపేరుతో పేరుమోసినవాడు జర్మనీలో పుట్టి ఫిలడెల్ఫియాలో స్థిరపడ్డ హ్యూబర్ట్ బ్లెయిన్. ఇంటిపేరు, సొంత పేర్లు కలిపితే 700కు పైగా అక్షరాలు. సొంత పేర్లే 26. ఇంగ్లీషులో ఏ నుంచి జెడ్ దాకా అక్షరానికొక్కటి! మన వర్ణమాలతో ఈ పని చేస్తే 56 పేర్లు పెట్టుకోవాలి. ఆయన 1997లో చనిపోయారు.

మాటల లెక్కలో కిరీటం న్యూజిలాండ్ వాసిది. 1990లో ఒకాయన తన పేరును 2,253 పదాలకు పెంచుకున్నాడు. కింది స్థాయిలో కాదన్నారు. హైకోర్టు ఔనంది. సెకనుకు రెండు పదాల చొప్పున చదివినా ఆయన పేరు పూర్తవడానికి 18 నిమిషాలు దాటుతుంది! ఇంకొకరు ఈ దారి పట్టకుండా ఆ దేశం చట్టమే మార్చుకుంది.

క్రికెట్‌లో పేరు ముందు అక్షరాల పోటీ పెడితే శ్రీలంక చమిందా వాస్ ముందు వరుసలో ఉంటాడు. ఇనీషియల్స్ అయిదు: డబ్ల్యు, పి, యు, జె, సి. మన హైదరాబాదీ వంగిపురపు వెంకట సాయి లక్ష్మణ్‌కు మూడు. అభిమానులు ఆ మూడింటిని కలిపి ఇంకో కొత్త బిరుదే అల్లుకున్నారు.

పేరుకు భారీ జరిమానా స్వీడన్‌లో పడింది. పేర్ల చట్టం మీద నిరసనగా 1996లో ఒక జంట తమ బిడ్డకు 43 అక్షరాలు, అంకెల గుంపును పేరుగా పెట్టింది. 38 అక్షరాలు, చివర 5 అంకెలు. పలకడం మాత్రం ఆల్బిన్ అని! హాల్మ్‌స్టాడ్ కోర్టు ఒప్పుకోలేదు. అయిదేళ్లు నిండినా బిడ్డ పేరు నమోదు చేయించనందుకు వేసిన 5,000 క్రోనార్ల జరిమానా అలాగే నిలిచింది. ఆ జంట వెనక్కి తగ్గక ఒకే ఒక్క అక్షరాన్ని, ఏ ని, పేరుగా రాసి తెచ్చింది. దాన్నీ తోసిపుచ్చారు. 43 అయితే ఎక్కువ, 1 అయితే తక్కువ.

అంకెల పేరుకు అమెరికాలోనూ దారి దొరకలేదు. 1069 అని పేరు మార్చుకుంటానన్న ఒకాయన ఉత్తర డకోటాలో ఓడాడు. మినెసోటా వెళ్లాడు. 1979లో అక్కడి సుప్రీంకోర్టులోనూ ఓడాడు. నాలుగు దశాబ్దాల తర్వాత, 2020లో, ఎలాన్ మస్క్, ఆయన సహచరి కొడుక్కి పెట్టిన పేరులోనూ అంకెలుంటే కాలిఫోర్నియా నియమాలు అడ్డొచ్చాయి. 12 అంకెను రోమన్ అక్షరాల్లోకి మార్చుకోవాల్సి వచ్చింది. డబ్బు ఎంతున్నా 26 అక్షరాల గీత దాటడం కుదరలేదు!

ఎక్కువసార్లు తిరస్కరణకు గురయ్యే పేరుగా న్యూజిలాండ్‌లో ఏళ్ల తరబడి ముందున్నది కింగ్. రాజు, యువరాజు, జడ్జి లాంటి హోదాలు అక్కడ పేర్లుగా చెల్లవు. మన దగ్గరేమో ఇంటికో రాజు, వీధికో రాణి! అదే దేశంలో 2008లో ఒక న్యాయమూర్తి తొమ్మిదేళ్ల పాపను కొన్నాళ్లు కోర్టు సంరక్షణలోకి తీసుకున్నారు. హవాయి నుంచి వచ్చిన తలూలా హులా నాట్యం చేస్తుంది అనే అర్థం వచ్చే వాక్యం మొత్తాన్ని తల్లిదండ్రులు ఆమెకు పేరుగా పెట్టారు. ఆ పిల్ల సిగ్గుపడి స్నేహితులకు కూడా అసలు పేరు చెప్పుకోలేదు. పేరు మార్చాకే కోర్టు వదిలింది. పెద్దల సరదాకు పిల్లలు బలికాకూడదన్న ఆ తీర్పు నాకు చాలా న్యాయంగా తోస్తుంది.

ఒకే దెబ్బకు ఎక్కువ పేర్లను నిషేధించిన రాష్ట్రాల్లో మెక్సికోలోని సొనోరా ఒకటి. 2014లో 61 పేర్లు. అందులో ఫేస్‌బుక్ ఉంది, రాంబో ఉంది, రోబోకాప్ ఉంది. ఫ్రాన్స్‌లో 2015లో బయటికొచ్చిన కేసు నుటెల్లాది. చాక్లెట్ డబ్బా పేరు పాపకు వద్దని కోర్టు ఎల్లాగా మార్చింది. జపాన్‌లో 1993లో అకుమా, అంటే దయ్యం, అని కొడుక్కి పేరు పెడితే అకిషిమా పురపాలక అధికారులు అడ్డుకున్నారు. మన పల్లెల్లో బిడ్డలు నిలవకపోతే దిష్టి తగలకుండా పెంటయ్య, పుల్లయ్య అని పెట్టుకున్న తరాలున్నాయి. అలాంటి పేరు వెనక ఉన్న తల్లి భయం ఏ దేశపు చట్టానికి తెలుస్తుంది?

పేర్ల మీద అతి చిన్న కమిటీ, అతి పెద్ద పెత్తనం ఐస్‌లాండ్‌ది. 1991లో ఏర్పడిన నామకరణ కమిటీలో సభ్యులు ముగ్గురే. జాబితాలో లేని కొత్త పేరు కావాలంటే ఆ కమిటీ ఒప్పుకోవాలి. పేరు ఐస్‌లాండ్ భాషా వ్యాకరణంలో విభక్తి ప్రత్యయాలకు లొంగాలి, వాళ్ల లిపిలో ఇమడాలి. బ్లేర్ అనే పేరు మగపిల్లలదని కాదనడంతో ఒక అమ్మాయి 15 ఏళ్ల పాటు సర్కారు కాగితాల్లో "ఆడపిల్ల"గానే మిగిలింది. 2013 జనవరిలో రెక్యవిక్ కోర్టు ఆమె పేరు ఆమెకిచ్చింది. ఆడ పేరు, మగ పేరు అన్న గీత 2019 చట్టంతో చెరిగిపోయింది. ఆ దేశంలో చాలామందికి ఇంటిపేరే ఉండదు, తండ్రి పేరుకో తల్లి పేరుకో కొడుకు, కూతురు అని తగిలించుకుంటారు.

ఒక్క మనిషికి మాత్రమే చెల్లే ఇంటిపేరు టర్కీలో ఉంది. 1934 జూన్ 21న ప్రతి పౌరుడికీ ఇంటిపేరు తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. అదే ఏడాది నవంబరు 24న ముస్తఫా కెమాల్‌కు పార్లమెంటు అతాతుర్క్ అనే ఇంటిపేరు ఇచ్చింది. ఇంకెవరూ వాడరాదని కట్టడి చేసింది. థాయిలాండ్‌లో ఇలాంటి కట్టడి ప్రతి ఇంటికీ ఉంది. 1913లో ఇంటిపేర్లు తెచ్చిన ఆ దేశంలో కొత్తగా ఎంచుకునే ఇంటిపేరు వేరే కుటుంబానిది కాకూడదు, పది హల్లులు మించకూడదు. అతి పెద్ద ఇంటిపేర్ల పంపకం ఫిలిప్పీన్స్‌ది. 1849 నవంబరు 21న స్పెయిన్ గవర్నర్ క్లవేరియా సుమారు 60 వేల ఇంటిపేర్ల పుస్తకం తెప్పించి ఊళ్లకు పంచిపెట్టాడు.

ఎక్కువ మంది మోసే ఇంటిపేరు చైనా వాంగ్. 10 కోట్లకు పైగా మనుషులు. తెలుగు రాష్ట్రాలు రెండూ కలిపినా అంతమంది రారు! నిష్పత్తిలో మాత్రం వాంగ్ కంటే దక్షిణ కొరియా కిమ్ ముందు. 2015 లెక్కల్లో కోటీ 6 లక్షలకు పైగా జనం, అంటే ప్రతి అయిదుగురిలో ఒకరు. ఒకే ఇంటిపేరు, ఒకే మూలస్థానం ఉన్నవాళ్లు పెళ్లాడరాదన్న నిషేధాన్ని అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం 1997లో తప్పుపట్టింది. చట్టం పుస్తకంలోంచి పోయింది 2005లో. మన దగ్గర సగోత్ర వివాహానికి చట్టపరమైన అడ్డు 1946లోనే తొలగింది. ఈ విషయంలో మనం 59 ఏళ్లు ముందున్నాం.

పెళ్లి తర్వాత ఇంటిపేరు విషయంలో గట్టి నియమం జపాన్‌ది. భార్యాభర్తలకు ఒకే ఇంటిపేరు తప్పనిసరి. ఎవరిదైనా ఎంచుకోవచ్చు అంటుంది చట్టం. కానీ వందలో దాదాపు 95 జంటల్లో మారేది భార్యదే. అక్కడి సుప్రీంకోర్టు 2015లో, మళ్లీ 2021లో ఆ నియమాన్ని సమర్థించింది. మన దేశంలో భర్త ఇంటిపేరు పెట్టుకోవాలని ఏ చట్టమూ చెప్పలేదు. పుట్టింటి పేరుతోనే పాస్‌పోర్టు తీసుకోవచ్చు. ఈ సంగతి తెలియక పెళ్లైన మరునాడే మార్పు కాగితాల కోసం తిరిగే ఆడపిల్లలకు ఎవరైనా చెప్పాలి.

పేరును ఆయుధం చేసిన చట్టాల గురించి చెప్పేటప్పుడు ఆశ్చర్యార్థకాలు పెట్టబుద్ధి కాదు. 1938 ఆగస్టు 17న నాజీ జర్మనీ, పేరును బట్టి యూదులని తెలియని యూదు మగవాళ్లు ఇజ్రాయెల్ అని, ఆడవాళ్లు సారా అని పేరుకు చేర్చుకోవాలని శాసించింది. ఎవరిని ఏరివేయాలో కాగితం మీదే తెలియడానికి. 1984-85 చలికాలంలో బల్గేరియా ప్రభుత్వం 8 లక్షలకు పైగా టర్కిష్ ప్రజల పేర్లను బలవంతాన మార్చింది.

మన తెలుగువాళ్ల పేర్లకూ ఒక పాత గాయం ఉంది. మద్రాసు నుంచి బయల్దేరిన ట్రూరో నౌక 1860 నవంబరు 16న 342 మందితో దక్షిణాఫ్రికా నాటాల్ తీరం చేరింది. 1911 దాకా అలా వెళ్లిన ఒప్పంద కూలీలు 1,52,184 మంది. వారిలో తెలుగువాళ్లు గణనీయంగా ఉన్నారు. రేవులో ప్రతి మనిషికీ ఒక నంబరు. పేరు ఎలా వినపడితే అలా రాసుకున్నారు. తండ్రి సొంత పేరే తర్వాతి తరానికి ఇంటిపేరై కూర్చుంది. మన నాయుడు నైడూ అయ్యాడు. పూర్వీకుల ఊరు వెతుక్కునే మునిమనవలకు ఇప్పటికీ దారి చూపేవి ఆ నంబర్లే.

మనకు చేరిన అతి పాత పేర్లలో ఒకటి కుషిమ్. ఇరాక్‌లోని ఉరుక్ మట్టి పలకల మీద అయిదు వేల ఏళ్ల కిందటి రాత. 37 నెలల్లో 29,086 కొలతల బార్లీ అని లెక్క రాసి పక్కన ఆ పేరు. అది మనిషి పేరా, హోదా పేరా అని పండితులు ఇంకా వాదించుకుంటున్నారు. రాజు కాదు, కవి కాదు. ధాన్యం లెక్కల మనిషి!

పేరు మార్పు మీద మిగిలిన ప్రాచీన శాసనాల్లో ఒకటి రోమన్ చక్రవర్తి డయోక్లీషియన్ ఇచ్చిన జవాబు. క్రీ.శ. 293. స్వతంత్రుడైన మనిషి మోసం చేసే ఉద్దేశం లేకుండా పేరు మార్చుకోవచ్చన్నాడు. 1,700 ఏళ్లు దాటినా బ్రిటన్ ఇంచుమించు ఆ దారిలోనే ఉంది. 16 ఏళ్లు నిండితే డీడ్ పోల్ అనే పత్రం మీద సంతకం చేసి పేరు మార్చుకోవచ్చు. ఎన్నిసార్లన్న లెక్క లేదు.

అత్యంత వేగంగా, అత్యంత విచిత్రమైన కారణంతో జరిగిన మార్పులు తైవాన్‌వి. 2021 మార్చిలో ఒక హోటళ్ల సంస్థ రెండు రోజుల ఆఫర్ పెట్టింది. పేరులో సాల్మన్ చేప అన్న మాట ఉంటే ఆరుగురికి భోజనం ఉచితం. 331 మంది ప్రభుత్వ కార్యాలయాలకు పరుగెత్తి చేప పేరు పెట్టుకుని వచ్చారు! తిని వెళ్లి మళ్లీ పాత పేరు. అక్కడి చట్టం జీవితంలో మూడు మార్పులే అనుమతిస్తుంది. రెండు ఆ చేపకే ఖర్చయ్యాయి.

మన ఆధార్ అంతకంటే గట్టిది. పేరు జీవితంలో రెండుసార్లే మార్చుకోవచ్చు. పుట్టిన తేదీ ఒక్కసారి. చిరునామాకు మాత్రం లెక్క లేదు. అంటే ఊరు వందసార్లు మారొచ్చు, పేరు మూడోసారి మార్చాలంటే ప్రత్యేకంగా అనుమతి తెచ్చుకోవాలి. కాబట్టి అక్షరదోషాన్ని దిద్దుకునేటప్పుడే ఇంటిపేరు కూడా పూర్తిగా రాయించుకుంటే ఒక అవకాశం మిగులుతుంది.

పూర్తి పేరు మార్పుకు మన దగ్గర తిరుగులేని కాగితం గెజిట్. నోటరీ దగ్గర అఫిడవిట్, దినపత్రికలో ప్రకటన, సాక్షుల సంతకాలు, ఆపై గెజిట్‌లో ముద్రణ. తెలంగాణలో దాన్ని అచ్చువేసేది హైదరాబాద్ చంచల్‌గూడలోని ప్రభుత్వ ముద్రణాలయం. పత్రికల అడుగు పేజీల్లో కనిపించే "ఇకపై నన్ను ఈ పేరుతో పిలవగలరు" అన్న రెండు అంగుళాల ప్రకటన వెనక ఇంత కథ ఉంటుంది.

పేరు మీద మన దేశంలో వచ్చిన పెద్ద తీర్పు 2021 జూన్ 3 నాటిది. జిగ్యా యాదవ్ కేసులో సుప్రీంకోర్టు పేరును రాజ్యాంగం 19వ అధికరణం ఇచ్చే భావప్రకటన హక్కులో భాగంగా గుర్తించింది. సర్టిఫికెట్లలో పేరు మార్పుకు సీబీఎస్‌ఈ పెట్టిన అడ్డుగోడలను సడలించింది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు 2019 చట్టం ఇంకో తలుపు తెరిచింది. గుర్తింపు ధ్రువపత్రం అందాక జనన ధ్రువపత్రంలోనూ మిగతా కాగితాల్లోనూ తమ మొదటి పేరు మార్చుకునే హక్కు వాళ్లది. అమ్మానాన్న పెట్టిన పేరు మోయలేక ఏళ్ల తరబడి నలిగినవాళ్లకు ఇది ఎంత ఊరటో చెప్పడానికి అంకెలు చాలవు.

దత్తతతో మారిన ఇంటిపేర్లలో తెలుగు సాహిత్యంలో అన్నిటికంటే ప్రసిద్ధమైనది శ్రీశ్రీది. పుట్టింది పూడిపెద్ది వారింట. దత్తత వెళ్లింది శ్రీరంగం వారింటికి. ఆ దత్తత జరగకపోతే శ్రీరంగం శ్రీనివాసరావు అనే పేరే లేదు, ఆ రెండు శ్రీలూ లేవు! 1956 హిందూ దత్తత చట్టం ప్రకారం దత్తత రోజు నుంచి బిడ్డ అన్నివిధాలా కొత్త ఇంటి బిడ్డే.

ఇంటిపేరు మీద మన తెలుగు నేల నుంచి దేశ అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లిన వివాదాల్లో నా దృష్టిలో మొదటి స్థానం ఆకెళ్ల లలిత కేసుది. భర్త పోయాక ఒక తల్లి మళ్లీ పెళ్లి చేసుకుంది. బిడ్డకు ఏ ఇంటిపేరు ఉండాలన్నది తగువు. చనిపోయిన తండ్రి ఇంటిపేరే తిరిగి పెట్టాలని, కాగితాల్లో రెండో భర్తను సవతి తండ్రి అనే రాయాలని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. 2022 జులై 28న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. సవతి తండ్రి అని ప్రతి కాగితంలో రాయించడం బిడ్డ మనసుకు క్రూరమని తప్పుపట్టింది. తండ్రి లేనప్పుడు సహజ సంరక్షకురాలు తల్లే. బిడ్డ ఇంటిపేరు నిర్ణయించే హక్కు ఆమెకుంది. కొత్త కుటుంబంలో బిడ్డను కలుపుకుని దత్తత ఇచ్చే హక్కూ ఆమెదే. భర్త గల్ఫ్‌లో చనిపోయి, ఒళ్లో బిడ్డతో మిగిలిన ఆడవాళ్లు కమ్మర్‌పల్లి చుట్టుపక్కల ఊళ్లలో ఉన్నారు. మళ్లీ పెళ్లాడితే బిడ్డ పేరు ఏమవుతుందని వాళ్లలో ఎవరైనా అడిగితే, పంచాయతీ కార్యదర్శికైనా బడి పంతులుకైనా చూపించాల్సిన తీర్పు ఇదే.